మూగజీవికీ ఊపిరి పోసిన మందులు: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

తేని జిల్లా ఉత్తమపాళయం దగ్గర, పడమటి కనుమల పాదాల్లో కోంబై అనే ఊరుంది. ఆ ఊరి పేరుతోనే ఒక జాతి కుక్క దేశమంతా ప్రసిద్ధి. ఎర్రటి ఒళ్లు, నల్లటి మూతి, కాపలాకు పెట్టింది పేరు. ఇంకొంచెం ఆగ్నేయంగా వెళితే తెలుగు రాజులు స్థిరపడ్డ రాజపాళయం. అక్కడి తెల్ల కుక్కకు 2005లో తపాలా శాఖ బిళ్ల కూడా వేసింది. తేని, మదురై, కోయంబత్తూరు వైపు మన తెలుగు ఇళ్లలో, తోటల్లో, గొర్రెల దొడ్ల దగ్గర కుక్క లేని వాకిలి తక్కువ. బడి నుంచి వచ్చిన పిల్లవాడు సంచి పడేసి ముందుగా పలకరించేది దాన్నే.

అలాంటి కుక్క ఒకరోజు అన్నం ముట్టదు. మూల చేరి పడుకుంటుంది. ఒళ్లు కాలిపోతుంటుంది. నాలుగు రోజులకు ముక్కులోంచి రక్తం కారుతుంది. పశువుల డాక్టరు చెవుల వెనుక వెతికి పిడుదులను చూపిస్తారు. తమిళంలో వాటినే ఉణ్ణి అంటాం. రక్తపరీక్ష చేయించి, నాలుగు వారాలపాటు వేయమని డాక్సీసైక్లిన్ మాత్రలు రాస్తారు. సకాలంలో మందు పడితే చాలా కుక్కలు లేచి తిరుగుతాయి.

ఆ మాత్ర టెట్రాసైక్లిన్ అనే మందుల కుటుంబానికి చెందినది. ఆ కుటుంబంలో మొట్టమొదటి మందు పుట్టిన పరిశోధనశాలను నడిపినది ఒక తెలుగువాడు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మద్రాసులో చదువుకుని, అమెరికాలో రాత్రిపూట ఆసుపత్రి చాకిరీ చేసి పైకి వచ్చినవాడు. కుక్కల గుండెల్లో చేరే పురుగుల మీద జరిగిన తొలి పరీక్షల పత్రంలోనూ ఆయన పేరుంది. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

భీమవరం నుంచి తిరువల్లిక్కేణికి

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లలు. తండ్రి అనారోగ్యంతో ఉద్యోగం నుంచి ముందే తప్పుకోవలసి రావడంతో ఇల్లు గడవడం కష్టమైంది.

పదమూడేళ్ల వయసులో సుబ్బారావు డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి పారిపోయాడు. కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకోవాలన్నది ఆలోచన. దారిలోనే పట్టుకొచ్చారు. తల్లి ఊరుకోలేదు, చదివి తీరాల్సిందేనని మళ్లీ బడిలో వేసింది. రాజమండ్రిలో చదువు సాగింది కానీ పరీక్ష గట్టెక్కలేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి మద్రాసు తిరువల్లిక్కేణిలోని హిందూ హైస్కూలు నుంచి రాసి ప్యాసయ్యాడు. మన పిల్లలు పదో తరగతిలో ఒక్క మార్కు తగ్గితే దిగాలు పడిపోయే ఈ రోజుల్లో ఈ మూడు ప్రయత్నాల సంగతి ఇంట్లో ఒకసారి చెప్పుకోదగ్గది.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో రామకృష్ణ మిషన్ వైపు మనసు మళ్లింది. సన్యాసం పుచ్చుకుంటానన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. తల్లి అనుమతి లేనిదే మఠంవారూ చేర్చుకోలేదు, వైద్యం చదివి సేవ చేయమని దారి చూపారు. అలా 1915లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. 1919లో శేషగిరితో పెళ్లయింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు అండగా నిలిచారు.

గాంధీగారి పిలుపు దేశమంతా మోగుతున్న కాలం అది. సుబ్బారావు విదేశీ బట్ట మానేసి ఆపరేషన్ గదికి కూడా ఖద్దరు గౌను తొడుక్కుని వెళ్లాడు. శస్త్రచికిత్స ప్రొఫెసరుకు అది నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా ఆయనకు దక్కింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువగా చూసే ఎల్ఎంఎస్ పట్టా. ప్రభుత్వ వైద్యసేవలో చోటు దొరకలేదు. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే పనిలో చేరారు.

ఎనిమిది రోజుల్లో ఇద్దరు

అంతలో ఇంట్లో పిడుగు పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఎనిమిది రోజుల వ్యవధిలో చనిపోయారు. ఇద్దరినీ తీసుకుపోయింది స్ప్రూ అనే జబ్బు. మన వైద్యులు సంగ్రహణి అనేవారు. తిన్నది ఒంటికి పట్టదు, ఆగని విరేచనాలు, రక్తం పలుచబడి మనిషి పాలిపోయి కృశించిపోతాడు. తర్వాత సుబ్బారావుకే ఆ జబ్బు వచ్చింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో బతికి బయటపడ్డారు.

తాను నేర్చిన ఆధునిక వైద్యం దగ్గర తన అన్నదమ్ములకు ఇవ్వడానికి మందు లేదు. ఆ వెలితి ఆయన్ని మళ్లీ కుదురుగా ఉండనివ్వలేదు. ఉష్ణమండల వ్యాధులు చదవాలని నిశ్చయించుకున్నారు. మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ డబ్బు సాయం చేశారు. 1922 అక్టోబరు 26న ఆయన బోస్టన్‌లో దిగారు. వచ్చేటప్పుడు భార్యకు కొన్నేళ్లలో వచ్చేస్తానని చెప్పి వచ్చారు. ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు బతికారు కానీ ఇంటికి తిరిగి రాలేదు. వారికి పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు.

రక్తంలో భాస్వరం లెక్క

హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదువుతూ పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రి పనికి కుదిరారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగి పెట్టే పని అది. డిప్లొమా అయ్యాక జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు.

1925లో ఫిస్కే, సుబ్బారావు కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగు చూసి లెక్కగట్టే పద్ధతిని ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది దశాబ్దాలపాటు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో నడిచింది. మూత్రపిండాలు దెబ్బతింటే రక్తంలో భాస్వరం పెరుగుతుంది. మనిషిలోనూ అంతే, కుక్కలోనూ అంతే. ముసలి కుక్క నీళ్లు విపరీతంగా తాగుతూ చిక్కిపోతుంటే పశువైద్యులు రక్తం తీసి చూసే అంకెల్లో క్రియాటినిన్, యూరియాలతోపాటు భాస్వరం కూడా ఉంటుంది.

1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని కనిపెట్టారు. 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీని వేరుచేసి చూపారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా అదే పదార్థాన్ని కనుగొన్నారు. మన పిల్లల జీవశాస్త్రం పుస్తకంలో ఏటీపీ అన్న మాట వచ్చినప్పుడు దాని వెనుక ఒక భీమవరం కుర్రవాడు ఉన్నాడని ఉపాధ్యాయులు చెప్పవచ్చు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. అయినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఉద్యోగం రాలేదు. పదేళ్లు కాలేయం నుంచి తీసిన సారంలో రక్తహీనతకు పనికొచ్చే పదార్థాల కోసం వెతుకుతూ గడిపారు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. 1942 నాటికి పరిశోధనలన్నిటికీ డైరెక్టరయ్యారు. అప్పటికి అన్నదమ్ములు పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేయగలిగింది. ఆ తర్వాత వైద్యులు దాన్ని స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే పడిపోయిన రక్తం కోలుకుంది. అన్నను, తమ్ముణ్ని మింగిన జబ్బుకు మందు చేతికి వచ్చింది. ఈనాడు ప్రభుత్వ బడుల్లో వారానికోసారి టీచర్లు దగ్గరుండి మింగించే ఐరన్ మాత్రలో కలిసి ఉన్నది ఈ ఫోలిక్ యాసిడే.

గుండెలో చేరే పురుగు

రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా పట్టుకుంది. దోమకాటుతో వచ్చి బోదకాలుకు దారితీసే ఆ జబ్బు మన దేశానికి తరతరాల శాపం. దానికి సరైన మందు లేదు. సుబ్బారావు బృందం ఆ వేటలో పడింది.

ఒక మందు పనిచేస్తుందో లేదో తేల్చాలంటే ఆ జబ్బు ఉన్న జీవి కావాలి. కాటన్ ఎలుకల్లో ఒక రకం ఫైలేరియా పురుగు సహజంగానే ఉంటుంది. కుక్కల్లో ఇంకొకటి ఉంటుంది. కుక్కలో ఉండేదే గుండెపురుగు. దోమ కుట్టినప్పుడు సన్నటి పిల్లపురుగు ఒంట్లోకి దిగుతుంది. ఆరేడు నెలల్లో పెరిగి పెద్దదై గుండె కుడిభాగంలోనూ, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళాల్లోనూ కాపురం పెడుతుంది. ఆడపురుగు దాదాపు ముప్ఫై సెంటీమీటర్లు, అంటే బడిపిల్లవాడి స్కేలు అంత పొడవు పెరుగుతుంది. అలాంటివి గుంపుగా చేరితే కుక్క దగ్గుతుంది, కాస్త పరుగెత్తితే ఆయాసపడుతుంది, పొట్టలో నీరు చేరుతుంది, చివరకు గుండె ఆగిపోతుంది.

సహజంగా ఈ పురుగులు సోకిన కాటన్ ఎలుకల మీద, కుక్కల మీద పిపరజీన్ జాతి రసాయనాలను పరీక్షించి లెడర్లీ శాస్త్రవేత్తలు 1947లో పత్రం ప్రచురించారు. దాని రచయితల్లో సుబ్బారావు ఒకరు. ఆ పరీక్షల్లోంచి తేలిన మందు డైఇథైల్ కార్బమజీన్. కంపెనీ పెట్టిన పేరు హెట్రజాన్. మనం డీఈసీ అంటాం. ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ప్రభుత్వం ఇంటింటికీ పంచిన మాత్ర ఇదే. కోట్లమంది మనుషులకు చేరిన ఆ మందు దారి జబ్బుపడ్డ కుక్కల మీదుగా వచ్చింది.

ఆ రుణం కొంత తిరిగి తీరింది కూడా. పెద్దపురుగు మీద డీఈసీ అంతగా పనిచేయదు కానీ, కొత్తగా ఒంట్లోకి వచ్చిన పిల్లపురుగును ఎదగనివ్వదు. అందుకని దోమల కాలమంతా రోజూ ఇస్తే కుక్కకు గుండెపురుగు పట్టకుండా కాపాడవచ్చని తర్వాత తేలింది. 1987లో నెలకొకసారి ఇస్తే చాలునన్న ఐవర్‌మెక్టిన్ వచ్చేదాకా అమెరికాలో కుక్కలకు ఇదే రక్ష. మన దేశంలో ఈ పురుగు బెడద ఈశాన్య రాష్ట్రాల్లో ఎక్కువ.

ఇందులో ఒక హెచ్చరికా ఉంది. రక్తంలో అప్పటికే లెక్కలేనన్ని పిల్లపురుగులు తిరుగుతున్న కుక్కకు డీఈసీ వేస్తే అవన్నీ ఒక్కసారిగా చచ్చి, కుక్క కుప్పకూలి పోవచ్చు. అందుకే ముందు రక్తపరీక్ష, తర్వాతే మాత్ర. ఇంట్లో మిగిలిన బోదకాలు మాత్రను కుక్కకు పెట్టడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

బంగారు రంగు బూజు

పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ వచ్చినా వాటికి లొంగని సూక్ష్మజీవులు చాలా మిగిలాయి. మట్టిలో ఉండే జీవుల్లో ఇంకేదైనా మందు దొరకవచ్చని సుబ్బారావు బృందం రకరకాల చోట్ల నుంచి మట్టి తెప్పించింది. ఆ పనిలో బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త ఉన్నారు. విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసి, డెబ్బై దాటాక లెడర్లీలో చేరిన పెద్దాయన. మిస్సౌరీ విశ్వవిద్యాలయపు పొలంలోని మట్టిలో 1945లో ఆయనకు బంగారు ఛాయ ఉన్న ఒక సూక్ష్మజీవి దొరికింది. దాని నుంచి తీసిన మందే ఆరియోమైసిన్. 1948లో లోకానికి ప్రకటించారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది పెద్దబిడ్డ. 1967లో వాడకంలోకి వచ్చిన డాక్సీసైక్లిన్ అదే ఇంటి మరో బిడ్డ.

ఇక కుక్కల వైపు కథ చూద్దాం. 1935లో అల్జీరియాలో ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు పిడుదులు పట్టిన కుక్కల రక్తకణాల్లో ఒక కొత్త సూక్ష్మజీవిని చూశారు. దానికి నేటి పేరు ఎర్లీకియా. చాలాకాలం దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం తీసుకెళ్లిన కాపలా కుక్కలు 1960ల చివరలో ముక్కుల్లోంచి రక్తం కారి వందకు పైగా చచ్చిపోయాక అందరూ కళ్లు తెరిచారు. ఎక్కువగా బలైనవి జర్మన్ షెపర్డ్‌లు. కారణం ఎర్లీకియా అని తేలింది. దాన్ని అణచగలిగింది టెట్రాసైక్లిన్ కుటుంబమే.

మన ఊళ్లలో పిడుదు జ్వరం అంటే ముఖ్యంగా ఇదే. గోధుమరంగు కుక్క పిడుదు దాన్ని మోసుకొస్తుంది. కుట్టిన ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం వస్తుంది, తిండి మానేస్తుంది, మెడకింద బిళ్లలు కడతాయి. కొన్ని కుక్కలు దానంతట అవే తేరుకున్నట్టు కనిపిస్తాయి. అక్కడే మోసపోతాం. సూక్ష్మజీవి లోపలే నెలలు, ఒక్కోసారి ఏళ్లు దాగి ఉండి, చివరకు మూలుగను దెబ్బతీస్తుంది. అప్పుడు ప్లేట్‌లెట్లు పడిపోయి ఎక్కడ చూసినా రక్తస్రావం, చిగుళ్లు తెల్లగా పాలిపోవడం, ఏ చిన్న జబ్బూ తట్టుకోలేకపోవడం. ఆ దశకు వచ్చాక ఏ మందూ అంత సులువుగా కాపాడలేదు.

అందుకే నాలుగు వారాల కోర్సును నాలుగు రోజులకే ఆపకూడదు. కుక్క తోక ఊపుతూ తిరుగుతోంది కదా అని మిగిలిన మాత్రలు అటకెక్కించడం మన ఇళ్లలో మామూలు. ఒంట్లో మిగిలిపోయిన సూక్ష్మజీవికి అదే అవకాశం. మాత్రను తిండితో కలిపి పెట్టి, వెంట నీళ్లు తాగించాలి. లేకపోతే గొంతులో అంటుకుని పుండు చేస్తుంది. ఈ జబ్బుకు టీకా లేదు. పిడుదును రానివ్వకపోవడమే కాపు.

ఎలుక మూత్రం కలిసిన నీటితో వచ్చే లెప్టోస్పైరోసిస్ మరొకటి. అది కుక్క కాలేయాన్ని, మూత్రపిండాలను ఒకేసారి దెబ్బతీస్తుంది. కళ్లు, చిగుళ్లు పచ్చబడతాయి. మనుషులకూ వస్తుంది. అక్కడా పెన్సిలిన్ జాతి మందులతోపాటు డాక్సీసైక్లిన్ వాడతారు. దీనికి కుక్కలకు టీకా ఉంది. చెరువు కట్టల మీద, వరిమళ్లలో, గోదాముల దగ్గర తిరిగే కుక్కలకు అది తప్పక వేయించదగ్గది.

పెంచే మందు, ఆపే మందు

ఫోలిక్ యాసిడ్ రక్తకణాలు పెరగడానికి కావాలి. మరి రక్త క్యాన్సరులో కణాలు అదుపు తప్పి పెరుగుతుంటే ఆ విటమిన్ పనిని అడ్డుకుంటే ఏమవుతుంది? బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు ఆ ఆలోచన వచ్చింది. ఫోలిక్ యాసిడ్‌లా కనిపిస్తూ దాని పనికి అడ్డుపడే రసాయనాలను సుబ్బారావు బృందం తయారుచేసి ఇచ్చింది. అమినోప్టెరిన్ అలాంటిదే. 1948లో ఫార్బర్ ప్రచురించిన ఫలితాలు పిల్లల రక్త క్యాన్సరును కొంతకాలమైనా మందుతో అణచవచ్చని మొదటిసారి చూపించాయి. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది.

కుక్కలకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో లింఫోమా ఒకటి. దవడ కింద, మోకాళ్ల వెనుక గడ్డలు నొప్పి లేకుండా ఉబ్బుతాయి. వైద్యం చేయించకపోతే వారాల్లో, నెలల్లో ప్రాణం పోతుంది. దానికి పశువైద్యులు కలిపి వాడే మందుల వరుసల్లో, ముఖ్యంగా తొలినాళ్ల పద్ధతుల్లో, మెథోట్రెక్సేట్‌కూ చోటు దక్కింది. పిల్లల వార్డులో మొదలైన మందు అలా కుక్క దాకా నడిచింది.

ఆయన మందులకు లొంగనివి

ఇంత చెప్పాక ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కుక్క ప్రాణం తీసే జబ్బుల్లో అతి భయంకరమైనవి వైరస్‌లవి. వాటి మీద ఆరియోమైసిన్ కానీ, దాని సంతతి కానీ పనిచేయవు.

1978 ప్రాంతంలో ప్రపంచమంతా వ్యాపించిన పార్వో వైరస్ కుక్కపిల్లలను రోజుల్లో చంపుతుంది. వాంతులు, దుర్వాసనతో నెత్తుటి విరేచనాలు దాని గుర్తు. ఒంట్లో నీరు ఆరిపోకుండా సెలైన్ ఎక్కించి నిలబెట్టడమే చికిత్స. డిస్టెంపర్ కళ్లు, ముక్కు కారడంతో మొదలై నరాలకు ఎక్కి మూర్ఛలు తెస్తుంది. రెండింటికీ ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన విరామంతో మళ్లీ మళ్లీ వేయించే టీకాలున్నాయి. ఒక్క డోసుతో ముగిసిందనుకోవడం పొరపాటు.

రేబిస్ సంగతి వేరే చెప్పనక్కరలేదు. లక్షణాలు మొదలయ్యాక కుక్కకైనా మనిషికైనా దాదాపు చావే. కుక్కకు మూడు నెలల వయసులో టీకా, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం మళ్లీ. పిల్లలను ఏ కుక్క కరిచినా, పెంపుడుదైనా సరే, గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, పసుపూ సున్నమూ పెట్టకుండా, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంట్లో తిడతారన్న భయంతో పిల్లలు కాటును దాచిపెడతారు. దాచనక్కరలేదన్న ధైర్యం వాళ్లకు ముందే ఇవ్వాల్సింది మనం.

పేరు లేని ఘనత

1948 ఆగస్టులో, ఆరియోమైసిన్ సంగతి లోకానికి తెలిసిన కొద్దివారాలకే, సుబ్బారావు పెర్ల్ రివర్‌లోని తన ఇంట్లో నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. వయసు యాభైమూడు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. పత్రికల ముందుకు వచ్చి తన పేరు చెప్పుకోలేదు. తన బృందంలోని వారి పేర్లే ముందుంచారు. కాబట్టి ఆయన మందులు మింగిన కోట్లమందికి ఆయన పేరు తెలియదు. 1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో, నూరేళ్లకు, మన తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల వేసింది. ఆయన రాక కోసం మూడేళ్లు అనుకుని మొదలుపెట్టిన శేషగిరమ్మ ఎదురుచూపు ఇరవై ఆరేళ్లకు ఒక వార్తతో ముగిసింది. ఘనతను లెక్కపెట్టేటప్పుడు ఆ ఇల్లు చెల్లించిన వెలనూ లెక్కలో వేయాలి.

బడిలోనూ ఇంట్లోనూ

ఈ జీవితాన్ని తెలుగు పాఠంగానూ, విజ్ఞాన పాఠంగానూ చెప్పుకోవచ్చు. పిల్లలు తమ ఇంటి కుక్క పేరు, వయసు, వేయించిన టీకాలు, చివరిసారి పిడుదులు చూసిన తేదీ తెలుగులో ఒక కాగితం మీద రాసి తెస్తే అదే ఒక పూట పని. ఆ కాగితం గోడకు అంటించి ఉంచితే డాక్టరు అడిగినప్పుడు పెద్దవాళ్లు తడుముకోనక్కరలేదు.

రోజూ సాయంత్రం చెవుల లోపల, మెడపట్టీ కింద, కాలివేళ్ల మధ్య చేత్తో తడిమి చూడటం పెద్దల పర్యవేక్షణలో పిల్లలు నేర్చుకోగల పని. పిడుదు కనిపిస్తే పెద్దవాళ్లు చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగాలి. వేళ్లతో నలపకూడదు. కిరసనాయిలు పోయకూడదు, అది కుక్క చర్మాన్ని కాలుస్తుంది. దాన్ని నాకితే ఇంకా ముప్పు. పిడుదు గుడ్లు పెట్టేది కుక్క ఒంటి మీద కాదు, గోడ పగుళ్లలో, గోనెపట్టాల కింద. కాబట్టి కుక్కకు మందు రాసి దాని పడకను వదిలేస్తే సగం పనే అయినట్టు. పిడుదు జ్వరం కుక్కను తాకడంవల్ల పిల్లలకు అంటదు. ఆ భయంతో కుక్కను వీధిలోకి తరిమేయనక్కరలేదు.

కుక్క మామూలు ఒంటివేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మనకు జ్వరమనిపించేది దానికి మామూలే. 103 దాటితే అనుమానించాలి. అప్పుడు మన అలమారలోని జ్వరం మాత్ర, ఒళ్లునొప్పుల మాత్ర వేయకూడదు. ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పిడుదు జ్వరంలో అసలే కారుతున్న రక్తాన్ని ఇంకా కారేలా చేస్తుంది. చిగుళ్లు తెల్లబడ్డా, ముక్కు నుంచి రక్తం వచ్చినా, ఒకరోజు మించి తిండి నీళ్లు ముట్టకపోయినా ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకెళ్లాలి. తేని జిల్లాలోనే 2020లో పశువైద్య కళాశాల కూడా వచ్చింది. మన ఇళ్ల పిల్లలు కొందరు రేపు అందులో చదవవచ్చు.

అన్నదమ్ములను కాపాడుకోలేకపోయిన ఒక మనిషి, ఆ బాధను ఇరవై ఏళ్లు పనిగా మార్చుకున్నాడు. ఆ పని ఫలం ముందు మనుషులకు, వారి వెంట వాకిట్లో పడుకున్న కుక్కకూ అందింది. ఇంటి కుక్క జబ్బుపడి తేరుకున్న రోజున పిల్లలకు ఈ పేరు చెప్పండి. పరీక్ష తప్పి వచ్చిన రోజున మరోసారి చెప్పండి.